కరవు చెదరగొట్టింది... బంతి కలిపింది!

అట్లాంటిక్ మహాసముద్రంలో పది దీవులు. మనుషులుండేది తొమ్మిదింటిలోనే. జనాభా ఐదు లక్షల పైచిలుకు. కరవు తరిమితే పొట్ట చేతపట్టుకుని దేశాలు పట్టిపోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆ వెళ్లినవాళ్ల పిల్లలూ ఉండిపోయినవాళ్ల పిల్లలూ కలిసి ఒక జట్టయ్యారు. ఎనిమిదిసార్లు ప్రపంచకప్ ఆడిన కామెరూన్‌ను వెనక్కి నెట్టి 2026 ప్రపంచకప్‌లో చోటు సంపాదించారు. కేప్ వెర్డే ‘నీలి సొరచేపల’ కథ ఇది.

2025 అక్టోబరు 13, సోమవారం. రాజధాని ప్రయాలో ఆఫీసులు మధ్యాహ్నానికే మూతపడ్డాయి. సగం రోజు సెలవిచ్చింది ప్రభుత్వమే. జాతీయ స్టేడియంలో పట్టేది పదిహేను వేల మంది. దేశ జనాభాతో లెక్కేస్తే ప్రతి ముప్ఫై అయిదుగురిలో ఒకరికి అక్కడ చోటుందన్నమాట. మిగతా ముప్ఫై నలుగురికీ టీవీలే దిక్కు.

ఎదుటి జట్టు ఎస్వతీని. గ్రూపులో అట్టడుగున ఉంది. ఈ మ్యాచ్ గెలిస్తే కేప్ వెర్డే నేరుగా ప్రపంచకప్‌కి వెళ్తుంది. గెలవకపోతే, అదే వేళకు అంగోలాతో ఆడుతున్న కామెరూన్ ఏం చేస్తుందోనని చెవులు రిక్కించాలి. కాగితం మీద చూస్తే సులువైన మ్యాచే. కానీ గెలిచి తీరాల్సిన మ్యాచ్ ఏ జట్టుకూ సులువుగా ఉండదు. మొదటి సగం ముగిసేసరికి స్కోరు 0-0. స్టేడియం ఊపిరి బిగబట్టింది.

విరామం తర్వాత మూడే నిమిషాలు. గోల్‌కు దగ్గర్లో దొరికిన బంతిని డైలాన్ లివ్రమెంటో వలలోకి కొట్టేశాడు. 54వ నిమిషంలో విలీ సెమెదో రెండో గోల్ వేశాడు. ఇక పోరాటమంతా గడియారంతోనే. ఇంజూరీ టైమ్‌లో మూడో గోల్ పడింది. వేసింది 37 ఏళ్ల డిఫెండర్ స్టోపిరా. ఏళ్ల తరబడి ఆ నీలం చొక్కా వేసుకుంటున్నవాడు. ఆ గోల్ లేకపోయినా జట్టు గెలిచేదే. కానీ ఆ కాలి నుంచి ఆ గోల్ రావడమే న్యాయం అనిపించింది చూసినవాళ్లకి.

పది మ్యాచ్‌ల్లో ఏడు విజయాలు, రెండు డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. 23 పాయింట్లు. రెండో స్థానంలో ఆగిపోయిన కామెరూన్‌కి 19. స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన సంవత్సరంలో, దేశం తనకు తాను ఇచ్చుకున్న కానుక అది.

కేప్ వెర్డే నేల మొత్తం కలిపితే 4,033 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో దాదాపు సగం. ఆ రోజుకి, పురుషుల ప్రపంచకప్‌కి అర్హత సాధించిన దేశాల్లో ఇంతకంటే తక్కువ జనాభా ఉన్నది 2018లో ఆడిన ఐస్‌లాండ్ ఒక్కటే. నెల దాటిన కొద్ది రోజులకే కరీబియన్ దీవి క్యురసావ్ ఆ రికార్డును ఇంకా కిందికి దించింది. కాబట్టి ‘అతి చిన్న దేశం’ అన్న బిరుదు కేప్ వెర్డేది కాదు. దానికి ఆ బిరుదుతో పని కూడా లేదు. ఈ జట్టు గొప్పతనం దాని చిన్నతనంలో లేదు, దాన్ని కూర్చిన తీరులో ఉంది.

మనుషుల్లేని దీవులు

సెనెగల్ తీరం నుంచి పడమరగా అయిదు వందల డెబ్బై కిలోమీటర్లు సముద్రంలోకి వెళ్తే ఈ దీవులు. అగ్నిపర్వతాలు కక్కిన రాయి. 1460 ప్రాంతంలో పోర్చుగీసు నావికులు వచ్చేసరికి ఇక్కడ ఒక్క మనిషి లేడు. 1462లో శాంటియాగో దీవిలో రిబెయిరా గ్రాండె అనే ఊరు కట్టారు. అదే నేటి సిడాడె వెల్యా. ఆఫ్రికా తీరంలో పట్టుకొచ్చిన మనుషుల్ని ఇక్కడ దించి, అమెరికా ఖండాలకు ఓడలెక్కించారు. ఆ బానిస వ్యాపారానికి సాక్ష్యంగా నిలిచినందుకే 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అమ్మకానికి తెచ్చినవాళ్లు, కొనడానికి వచ్చినవాళ్లు, దారి తప్పి వచ్చినవాళ్లు... అందరి రక్తమూ కలిసి ఒక కొత్త జాతి పుట్టింది. పోర్చుగీసు మాటలు ఆఫ్రికా ఊపిరి పోసుకుని ‘క్రియోలు’ అనే భాష పుట్టింది. అధికార భాష ఇప్పటికీ పోర్చుగీసే. కానీ జోలపాటా, సంత బేరమూ, గోల్ పడ్డప్పుడు నోట్లోంచి వచ్చే కేకా క్రియోలులోనే.

అక్కడ లేనిదల్లా వాన. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య నాలుగు చినుకులు రాలితే రాలినట్టు, లేకుంటే లేదు. 1940లలో వచ్చిన రెండు కరవులు పదుల వేల ప్రాణాలు తీశాయి. వలస పాలకులు చూస్తూ ఊరుకున్నారు. బతికినవాళ్లకు కనిపించిన దారి సముద్రమే. అప్పటికే తిమింగలాల వేట ఓడలెక్కి అమెరికాలోని న్యూబెడ్‌ఫర్డ్ చేరినవాళ్లున్నారు. సావ్ తొమె దీవి కోకో తోటల్లో కూలీలుగా వెళ్లి తిరిగిరానివాళ్లున్నారు. ఆ తర్వాత డకార్, లిస్బన్, ప్యారిస్, రోటర్‌డామ్ ఓడరేవు. ఇవాళ దేశంలో ఉన్నవాళ్లకంటే బయట ఉన్న కేప్ వెర్డే సంతతే ఎక్కువ. గల్ఫ్ బాట పట్టిన పల్లెలున్న తెలుగునేలకి ఇందులోని బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ బాధకి క్రియోలులో ఒక పేరుంది: ‘సొదాద్’. దూరమైన మనిషి మీద, ఊరి మీద మనసు పీకడం. మిండెలో పట్నంలో పుట్టి, చెప్పుల్లేని కాళ్లతో వేదికలెక్కిన గాయని సెజారియా ఎవోరా ఆ మాటను ప్రపంచమంతా వినేలా చేసింది. ఆమెకు పేరు తెచ్చిన పాట సావ్ నికొలావ్ దీవి నుంచి సావ్ తొమె తోటలకు సాగిన ప్రయాణం గురించే. ఆ దీవి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పేర్లు కూడా అరువే

స్టోపిరా అసలు పేరు ఇయానిక్ తవారెస్. 1980లలో ఫ్రాన్స్‌కి ఆడిన యానిక్ స్టోపిరా పేరు పెట్టారు. 2013లో ఇదే జట్టుకు ఆడిన మరొకతన్ని ‘ప్లాటిని’ అనేవాళ్లు. మిషెల్ ప్లాటిని పేరది. తలెత్తి చూడటానికి తమకంటూ ఒక జట్టు లేని చోట, పిల్లలకు పరాయి దేశాల ఆటగాళ్ల పేర్లే ముద్దుపేర్లయ్యాయి.

ఆట మాత్రం ఎప్పుడూ ఉంది. దుమ్ము మైదానాల్లో, ఇసుకలో, సముద్రపు గాలికి ఎదురుగా ఆడారు. వానల్లేని నేలలో పచ్చిక పెంచడం తలకు మించిన పని. కాస్త పేరొచ్చిన కుర్రాడు ఓడెక్కి వెళ్లిపోయేవాడు. వెళ్లినచోటి జట్టుకే ఆడేవాడు. 2016 యూరో కప్ గెలిచిన పోర్చుగల్ జట్టులోని నాని పుట్టింది ప్రయాలోనే. 1998లో ఫ్రాన్స్‌తో ప్రపంచకప్ ఎత్తిన పాట్రిక్ వియెరా అమ్మది కేప్ వెర్డే. స్వీడన్ గోల్స్ యంత్రం హెన్రిక్ లార్సన్ నాన్నదీ కేప్ వెర్డేనే. ఆ దీవుల రక్తం ప్రపంచకప్‌ల్లో ఎప్పటినుంచో ఆడుతోంది. వేరే దేశాల చొక్కాల్లో.

1975 జులై 5న స్వాతంత్ర్యం వచ్చింది. 1982లో ఫుట్‌బాల్ సమాఖ్య పెట్టుకున్నారు. 1986లో ఫిఫాలో చేరారు. ప్రపంచకప్ అర్హత పోటీల్లో తొలిసారి దిగింది 2002 కప్ కోసం. 2000 ఏప్రిల్‌లో ఫిఫా ర్యాంకు 182. విచిత్రంగా అదే ఏడాది పశ్చిమాఫ్రికా దేశాల అమిల్కార్ కబ్రాల్ కప్‌ని గెలిచారు. ఎక్కడో ఏదో మొలకెత్తుతోందని చెప్పిన తొలి గుర్తు అది.

కంట్రోల్ టవర్ నుంచి మైదానానికి

అసలు మలుపు లూసియో అంతునెస్‌తో వచ్చింది. ఆయన ఉద్యోగం విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. జట్టు కోచ్ కూడా ఆయనే. 2013 ఆఫ్రికా నేషన్స్ కప్ అర్హత కోసం ఆఖరి మెట్టులో ఎదురైంది కామెరూన్. ప్రయాలో 2-0తో గెలిచి, యవుండేలో 1-2తో ఓడినా మొత్తం మీద 3-2తో గట్టెక్కారు. ఆఫ్రికా ఫుట్‌బాల్ నివ్వెరపోయింది.

దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ టోర్నీ ఆరంభ మ్యాచే వాళ్లది. ఆతిథ్య జట్టును 0-0తో నిలువరించారు. మొరాకోతో 1-1. మూడో మ్యాచ్ అంగోలాతో. కెప్టెన్ నాందో సెల్ఫ్ గోల్‌తో వెనకబడ్డారు. 81వ నిమిషంలో ఫెర్నాండో వరేలా సమం చేశాడు. ఆఖరి క్షణాల్లో హెల్దోన్ గెలిపించాడు. తొలి టోర్నీలోనే క్వార్టర్‌ఫైనల్! ఆ రాత్రి విలేకరుల సమావేశానికి వచ్చిన అంతునెస్, ప్రశ్నలకు జవాబిచ్చే ముందు పాటందుకున్నారు. క్వార్టర్స్‌లో ఘనా చేతిలో 0-2తో ఓడి ఇంటికొచ్చారు. అయినా ఊరంతా ఎదురొచ్చింది.

2014 ఫిబ్రవరికల్లా ర్యాంకు 27. పద్నాలుగేళ్లలో 155 మెట్లు. 2015 మార్చి 31న పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో ఒక స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. ఫోగో దీవిలో అంతకు కొన్ని నెలల ముందు అగ్నిపర్వతం బద్దలై ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల సాయం కోసం పెట్టిన ఆట. రొనాల్డో లేని పోర్చుగల్‌ని కేప్ వెర్డే 2-0తో ఓడించింది. అయిదు వందల ఏళ్లు ఏలిన దేశాన్ని వాళ్ల గడ్డ మీదే! పాయింట్ల పట్టికలో ఆ గెలుపుకి చోటు లేదు. దీవుల జ్ఞాపకంలో మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

చేతికందిన ముద్ద

ఈ కథలో ఒక గాయముంది. దాన్ని దాటేసి ముందుకు వెళ్లడం సరికాదు.

2013 సెప్టెంబరు 7. బ్రెజిల్ ప్రపంచకప్ అర్హత పోటీలు. ట్యునీసియా గడ్డ మీద ట్యునీసియాని 2-0తో ఓడించింది కేప్ వెర్డే. ఇక రెండు అంచెల ప్లేఆఫ్ ఒక్కటే మిగిలింది. ప్రయా వీధులు తెల్లవార్లూ నిద్రపోలేదు. అయిదు రోజులకు ఫిఫా నుంచి తీర్పు వచ్చింది: నిషేధంలో ఉన్న వరేలాని ఆడించారు కాబట్టి గెలుపు చెల్లదు, మ్యాచ్ 3-0తో ట్యునీసియాదే.

జరిగిందేమిటంటే, ఆ మార్చిలో ఈక్వటోరియల్ గినీతో మ్యాచ్‌లో వరేలాకి రెడ్ కార్డు చూపారు. నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ మ్యాచ్‌లో అర్హత లేని ఆటగాణ్ని దించిందని ఈక్వటోరియల్ గినీని తప్పుపట్టి, ఫిఫా ఫలితాన్ని కేప్ వెర్డే పక్షాన మార్చింది. ఫలితమే మారినప్పుడు రెడ్ కార్డు కూడా పోయినట్టేనని వీళ్లు అనుకున్నారు. పోలేదు. ఒక నియమం వాళ్లకు మూడు పాయింట్లిచ్చింది, అదే నియమం ఆర్నెల్లకు ప్రపంచకప్ కలని లాగేసుకుంది.

చేతికందిన ముద్ద నోటికందలేదు. ఇలాంటి దెబ్బకి పెద్ద జట్లే కుదేలవుతాయి. అక్కడ పొరపాటు మైదానంలో జరగలేదు, కాగితాల దగ్గర జరిగింది. చిన్న దేశపు సమాఖ్య, కొద్దిమంది సిబ్బంది. ఒక్క ఫైలు సరిగా చదవకపోతే ఎంత నష్టమో తెలిసొచ్చింది. ఆ తర్వాతి పన్నెండేళ్లూ ఆ పాఠం మరవలేదు.

స్పామ్ అనుకున్న సందేశం

బయట ఉన్న తమ పిల్లలెవరో లెక్క తీయడం ఆ దేశం చేసిన అసలు పని. ఊరికే పేర్లు రాసుకోవడం కాదు. పలకరించడం, ఒప్పించడం, ఇంటివాడిగా కలుపుకోవడం. అందుకు రొబెర్టో లోపెస్ కథ చాలు.

అందరూ ‘పీకో’ అని పిలిచే లోపెస్ పుట్టిపెరిగింది డబ్లిన్‌లో. అమ్మ ఐరిష్. నాన్నది సావ్ నికొలావ్ దీవి. ఎవోరా పాటలో దూరమైపోయిన ఆ దీవే. లోపెస్ బ్యాంకులో ఇళ్ల రుణాల సలహాదారుగా పనిచేస్తూ ఫుట్‌బాల్ ఆడేవాడు. తర్వాత ఉద్యోగం మానేసి షామ్‌రాక్ రోవర్స్ క్లబ్బులో పూర్తికాలపు ఆటగాడయ్యాడు. యూరప్ పెద్ద లీగుల కళ్లు పడని చోటది.

2018లో అతని లింక్డిన్ ఖాతాకి పోర్చుగీసులో ఒక సందేశం వచ్చింది. ఆ భాష అతనికి రాదు. ఎవరో స్పామ్ పంపారనుకుని వదిలేశాడు. కొన్ని నెలలు గడిచాక అదే మనిషి మళ్లీ రాశారు: నేనడిగినదాని గురించి ఆలోచించావా అని. అప్పుడు పాత సందేశాన్ని అనువాదం చేసి చూసుకుంటే గుండె ఆగినంత పనైంది. రాసింది అప్పటి కేప్ వెర్డే కోచ్ రూయి అగ్వాస్. అడిగింది: మీ నాన్న దేశానికి ఆడతావా?

మరుసటి ఏడాది అతను ఆ నీలం చొక్కా వేసుకున్నాడు. కొత్తవాడికి క్రియోలు రాదని ఎవరూ దూరం పెట్టలేదు. మెల్లగా నేర్చుకున్నాడు. ఇవాళ రక్షణ పంక్తికి అతనొక మూలస్తంభం. బదులు రాకపోయినా రెండోసారి రాసిన ఆ ఓపికే ఈ జట్టుని నిలబెట్టింది.

అలా వచ్చినవాళ్లు ఒక్కరిద్దరు కాదు. లివ్రమెంటో, జమీరో మొంతెయిరో, దెరాయ్ దువార్తె, సిడ్నీ లోపెస్ కబ్రాల్ రోటర్‌డామ్‌లో పుట్టారు. తాతలు ఓడల్లో పనికి దిగిన రేవు అదే. విలీ సెమెదో, లోగన్ కోస్టా ఫ్రాన్స్‌లో పుట్టారు. ఒక పటం తీసుకుని వీళ్ల పుట్టిన ఊళ్లన్నీ గీతతో కలిపితే కేప్ వెర్డే వలసల చరిత్ర మొత్తం అందులో కనిపిస్తుంది.

ఊరి పేరే బిరుదు

బయటివాళ్లతో మాత్రమే నిండితే ఇది కిరాయి జట్టయ్యేది. అలా కాకుండా చూసినవాళ్లు ఇంటి మనుషులు.

కోచ్ బుబిస్తా అసలు పేరు పెద్రో లెయితావ్ బ్రితో. బోవా విస్తా దీవిలో పుట్టాడు. ఆ దీవిని క్రియోలులో ‘బుబిస్తా’ అంటారు. ఊరి పేరే ఆయన పేరైంది. ఒకప్పుడు ఈ జట్టుకే డిఫెండరు, కెప్టెన్. 2020 జనవరిలో పగ్గాలందుకున్నాడు. చాలా ఆఫ్రికా జట్లు ఒక టోర్నీ ఓడితే కోచ్‌ని మార్చి యూరప్ నుంచి ఇంకొకర్ని దింపుకుంటాయి. కేప్ వెర్డే 2025 ఆఫ్రికా నేషన్స్ కప్‌కి అర్హత సాధించలేకపోయింది. అయినా బుబిస్తాని తీసేయలేదు. ఆ నమ్మకం ఏడాది తిరక్కుండా ఫలించింది. 2025లో ఆఫ్రికా ఉత్తమ కోచ్ పురస్కారం ఆయన్నే వరించింది.

గోల్‌కీపర్ వోజిన్యా 1986లో పుట్టాడు. మిండెలోవాడు. అంగోలా, మోల్డోవా, పోర్చుగల్, సైప్రస్, స్లొవేకియా... ఏ చిన్న క్లబ్బు పిలిస్తే అక్కడికి వెళ్లి గోల్ కాచాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో ఎస్వతీని మ్యాచ్‌కీ గోల్ ముందు నిలబడింది అతనే. కెప్టెన్ రయాన్ మెండెస్ ఆ దేశం తరఫున ఎక్కువ మ్యాచ్‌లాడినవాడు, ఎక్కువ గోల్స్ వేసినవాడు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకి ఈ ముగ్గురూ నలుగురూ పెద్దన్నయ్యలు.

2024 ఆరంభంలో కోటె దివార్‌లో జరిగిన ఆఫ్రికా కప్పులో ఈ కలయిక బలం లోకానికి తెలిసింది. ఘనాని చివరి నిమిషాల గోల్‌తో 2-1తో ఓడించారు. మొజాంబిక్‌పై 3-0. ఈజిప్టుతో 2-2. మారిటేనియాతో నాకౌట్‌లో మెండెస్ పెనాల్టీతో గట్టెక్కారు. క్వార్టర్స్‌లో దక్షిణాఫ్రికాతో 120 నిమిషాలూ గోల్ లేదు. షూటౌట్‌లో ఆ జట్టు కీపర్ రాన్వెన్ విలియమ్స్ నాలుగు షాట్లు ఆపేశాడు. ఇంటికొచ్చారు గానీ తలదించుకుని రాలేదు.

పది మ్యాచ్‌ల పరీక్ష

ప్రపంచకప్ అర్హత ప్రయాణం పూలబాటేమీ కాదు. 2024 జూన్‌లో కామెరూన్ వెళ్లి 1-4తో చిత్తుగా ఓడారు. మూడు రోజులకే లిబియాపై 1-0తో లేచి నిలబడ్డారు. 2025 మార్చిలో అంగోలా గడ్డ మీద 2-1తో గెలిచారు. రెండూ లివ్రమెంటో గోల్సే. సెప్టెంబరు 9న కామెరూన్ ప్రయాకొచ్చింది. 54వ నిమిషంలో మళ్లీ లివ్రమెంటో. 1-0. గ్రూపు పట్టికలో కామెరూన్‌పై ఆధిక్యం పెరిగిన రోజది.

అక్టోబరు 8న ట్రిపోలీలో లిబియాపై గెలిస్తే అక్కడే పని పూర్తయ్యేది. 1-3తో వెనకబడ్డారు. 76వ నిమిషంలో కబ్రాల్, 82వ నిమిషంలో సెమెదో గోల్స్‌తో 3-3 చేశారు. ఆఖర్లో బంతి మళ్లీ వలలో పడింది. లైన్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. పన్నెండేళ్ల నాటి గాయం చాలామందికి గుర్తొచ్చే ఉంటుంది. కానీ ఈసారి ఇంకో మ్యాచ్ మిగిలుంది. అది సొంతూళ్లో ఉంది.

ప్రపంచకప్‌లో జట్ల సంఖ్య 32 నుంచి 48కి పెరగడం, ఆఫ్రికాకి తొమ్మిది నేరు బెర్తులు దక్కడం వీళ్లకు కలిసొచ్చిన మాట నిజం. అయితే ఆ తలుపు ఖండమంతటికీ తెరుచుకుంది. గ్రూపులో మొదటి స్థానంలో నిలిచినవాళ్లకే అందులోంచి వెళ్లే వీలు. కామెరూన్‌ని దాటి వెళ్లినవాళ్లని అదృష్టవంతులని సరిపెట్టడం అన్యాయం.

ఒక్క చూపులో

• ముద్దుపేరు: నీలి సొరచేపలు
• రాజధాని: ప్రయా (శాంటియాగో దీవి)
• ఫిఫా సభ్యత్వం: 1986
• అట్టడుగు ర్యాంకు: 182 (2000 ఏప్రిల్). అత్యుత్తమం: 27 (2014 ఫిబ్రవరి)
• ఆఫ్రికా నేషన్స్ కప్: 2013, 2015, 2021, 2023 టోర్నీలు. రెండుసార్లు క్వార్టర్‌ఫైనల్
• 2026 ప్రపంచకప్ గ్రూప్ ‘హెచ్’: జూన్ 15న స్పెయిన్‌తో అట్లాంటాలో, 21న ఉరుగ్వేతో మయామీలో, 26న సౌదీ అరేబియాతో హ్యూస్టన్‌లో

పరాయి పిల్లలెలా అవుతారు?

ఈ జట్టు గెలిచినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంటుంది: సగం మంది బయట పుట్టినవాళ్లే, వీళ్లది ఎలాంటి జాతీయ జట్టు అని. ఆ మాటలో చరిత్ర తెలియనితనం ఉంది.

ఈ పిల్లల తాతలు షికారుకని దేశం దాటలేదు. వాన లేక, తిండి లేక, పాలించేవాడికి జాలి లేక దాటారు. సంపాదించిన ప్రతి డాలరులోనూ ఇంటికింత పంపారు. ఆ డబ్బుతోనే ఇళ్లు లేచాయి, పిల్లలు చదివారు. అంతెందుకు, ఆ దేశానికి స్వాతంత్ర్య మార్గం చూపిన అమిల్కార్ కబ్రాల్ పుట్టింది కూడా దీవుల్లో కాదు, గినీ బిసావులో. అమ్మానాన్నలు కేప్ వెర్డేవాళ్లు. 1973 జనవరి 20న హంతకుల తూటాలకు బలయ్యాడు, స్వేచ్ఛ చూడకుండానే. జాతిపితే ప్రవాసి బిడ్డయిన చోట రోటర్‌డామ్ కుర్రాణ్ని, డబ్లిన్ కుర్రాణ్ని పరాయివాడనే హక్కు ఎవరికుంది?

ఇంకో సంగతి. ఈ ఎదుగుదల ఫుట్‌బాల్‌తో ఆగలేదు. 2023లో బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ ఆడిన అతి చిన్న దేశంగా నిలిచింది. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో బాక్సర్ డేవిడ్ ది పీనా కాంస్యంతో దేశానికి తొలి పతకం తెచ్చాడు. 2007లోనే ఆ దేశం ఐక్యరాజ్యసమితి ‘అత్యంత వెనకబడిన దేశాల’ జాబితా దాటి బయటికొచ్చింది. ఎన్నికలు జరుగుతాయి, ఓడినవాళ్లు దిగిపోతారు, గెలిచినవాళ్లు ఎక్కుతారు. నిలకడ ఉన్న ఇంట్లోనే పిల్లలు ఎదుగుతారు. ఆటైనా అంతే.

పెద్ద దేశాలు డబ్బుతో స్టేడియాలు కట్టి, పేరున్న కోచ్‌లని తెచ్చి జట్టుని కొనాలనుకుంటాయి. కేప్ వెర్డేకి ఆ డబ్బు లేదు. ప్రయాలోని జాతీయ స్టేడియం కూడా చైనా సాయంతో కట్టిందే. ఆ దేశం చేసింది ఒక్కటే: తన మనుషులెవరో మరచిపోలేదు. వెళ్లిపోయినవాణ్ని వెళ్లిపోయినవాడిగా కొట్టేయలేదు. ఉన్నవాణ్ని ఉన్నాడు కదా అని చిన్నచూపు చూడలేదు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒకే భాషలో మాట్లాడించింది. ఈ పని చేయడానికి ఖజానా అక్కర్లేదు. పాతికేళ్ల ఓపిక కావాలి.

నూటయాభై ఏళ్ల కింద తిమింగలాల ఓడల్లో కూలీలుగా అమెరికా రేవుల్లో దిగారు కేప్ వెర్డేవాళ్లు. ఇప్పుడు అదే అమెరికాలో దిగబోతున్నది ప్రపంచకప్ ఆటగాళ్లుగా. మసాచుసెట్స్‌లో, రోడ్ ఐలండ్‌లో ఆ కూలీల మునిమనవలు నీలం చొక్కాలు సిద్ధం చేసుకుంటున్నారు. స్పెయిన్, ఉరుగ్వే రెండూ ప్రపంచ విజేతలు. గెలుపోటములు ఎలా ఉన్నా, అట్లాంటా మ్యాచ్‌కి ముందు జాతీయగీతం వినిపించే ఆ రెండు నిమిషాలూ టీవీ ముందు కూర్చోండి. ఆటగాళ్ల ముఖాలు చూశాక ఒక్కసారి జెండా వైపు కూడా చూడండి.

నీలం రంగు మీద వలయంగా పది నక్షత్రాలుంటాయి, దీవికొకటి చొప్పున. మనుషులెవరూ లేని శాంతా లుజియా దీవికి కూడా అందులో ఒక నక్షత్రం ఉంది.